60 ఏళ్ల నాటి బాంబుకు రెక్కలు తగిలించారు.. యుద్ధమే మారిపోయింది! ఉక్రెయిన్ ఆకాశంలో అసలేం జరుగుతోంది?

అది 2024 మే 25, శనివారం. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరం. వీకెండ్ కావడంతో పెయింట్లు, ఇంటికి కావాల్సిన సామాన్లు అమ్మే 'ఎపిసెంటర్' అనే పెద్ద స్టోర్‌లో జనం బాగానే ఉన్నారు. అంతలోనే రెండు బాంబులు వచ్చి పడ్డాయి. స్టోర్ మొత్తం మంటల్లో చిక్కుకుంది. కనీసం 18 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ బాంబులు వేసిన విమానం ఖార్కివ్ మీదికి రాలేదు. నగరంలో ఎవరికీ కనిపించలేదు. పదుల కిలోమీటర్ల దూరంలోనే బాంబులు వదిలేసి, అటు నుంచి అటే వెనక్కి తిరిగింది.

యుద్ధ విమానం అనగానే మనకు సినిమా సీన్లే గుర్తొస్తాయి. ఒకదాని వెనక ఒకటి పడటం, శత్రువు నెత్తిమీదికి వెళ్లి బాంబులు కురిపించడం.. ఇలాంటివన్నమాట. ఉక్రెయిన్ యుద్ధంలో అలాంటివి దాదాపు కనిపించడం లేదు. ఇక్కడ రెండు దేశాల పైలట్లూ చేస్తున్న పని ఒక్కటే. శత్రువు మిసైల్‌కు అందకుండా, వీలైనంత దూరం నుంచే దెబ్బ కొట్టడం. దానికోసం రెండు వైపులా పాత విమానాలకు, పాత బాంబులకు కొత్త హంగులు అద్దారు. అవేంటి? ఎలా పనిచేస్తాయి? వాటికి విరుగుడు ఉందా? వివరంగా చూద్దాం.

మొదట్లో సీన్ వేరు

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలుపెట్టినప్పుడు చాలామంది అనుకున్నది ఒకటే. విమానాల సంఖ్యలో రష్యా చాలా ముందుంది కాబట్టి, కొద్ది రోజుల్లోనే ఉక్రెయిన్ ఆకాశం మొత్తం దాని చేతిలోకి వచ్చేస్తుందని. కానీ అలా జరగలేదు.

ఎందుకంటే ఉక్రెయిన్ దగ్గర సోవియట్ కాలం నాటి ఎస్-300, బుక్ లాంటి గగనతల రక్షణ వ్యవస్థలు ఉన్నాయి. ఇవి ట్రక్కుల మీద, ట్రాక్ వాహనాల మీద ఉంటాయి. ఒకచోట ఆగి, మిసైల్ పేల్చి, వెంటనే ఇంకోచోటికి వెళ్లిపోతాయి. రష్యా వాటన్నింటినీ వెతికి పట్టుకోలేకపోయింది.

దీంతో రష్యా పైలట్లకు రెండే దారులు మిగిలాయి. ఎత్తులో ఎగిరితే ఎస్-300, బుక్ మిసైళ్లు కొడతాయి. వాటి రాడార్‌కు దొరక్కుండా చెట్ల ఎత్తులో ఎగిరితే.. సైనికులు భుజం మీద పెట్టుకుని పేల్చే స్టింగర్, ఇగ్లా మిసైళ్లు కాచుకుని ఉంటాయి. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి!

2022 మార్చి మొదట్లో చెర్నిహివ్ నగరం మీద జరిగింది ఇదే. సుఖోయ్-34 అనే ఆధునిక బాంబర్, ఎలాంటి గైడెన్స్ లేని మామూలు బాంబులు మోసుకుని కిందుగా వచ్చింది. ఉక్రెయిన్ దాన్ని కూల్చేసింది. విమానం కోట్ల డాలర్లది. కానీ దాని కింద వేలాడుతున్న బాంబును గురిపెట్టాలంటే మాత్రం టార్గెట్ దగ్గరికి వెళ్లక తప్పదు. అసలు సమస్య అక్కడే ఉంది.

ఇటు ఉక్రెయిన్ పరిస్థితీ అంతే. రష్యా ఎస్-400 మిసైళ్లకు భయపడి వాళ్ల విమానాలూ ఫ్రంట్‌లైన్‌కు దూరంగానే ఉండాల్సి వచ్చింది. అలా ఆకాశం ఎవరిదీ కాకుండా పోయింది.

పాత బాంబుకు రెక్కల కిట్

2023 మొదట్లో రష్యా ఒక కొత్త కిట్‌ను రంగంలోకి దించింది. దాని పేరు యూఎంపీకే. సింపుల్‌గా చెప్పాలంటే మామూలు బాంబు మీద బిగించే రెక్కల సెట్. దాంతోపాటు శాటిలైట్ సిగ్నల్‌ను చూసుకుని దారి సరిదిద్దుకునే ఒక గైడెన్స్ యూనిట్ ఉంటుంది.

ఇంతకీ ఆ రెక్కలు తగిలించింది దేనికి? 'ఫాబ్' బాంబులకు. ఇవి సోవియట్ కాలం నాటివి. ఎక్కువగా వాడుతున్న ఫాబ్-500 ఎం-62 డిజైన్ 1962 నాటిది. 500 అంటే 500 కేజీల తరగతి అని అర్థం. ఆ బరువులో దాదాపు సగం పేలుడు పదార్థమే ఉంటుంది. ఇలాంటి బాంబులు రష్యా గోదాముల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. గైడెన్స్ లేక ఇన్నాళ్లూ పెద్దగా అక్కరకు రాలేదు.

మరి రెక్కలు తగిలిస్తే ఏమవుతుంది? గద్దను చూడండి. పైకి ఎక్కేదాకా రెక్కలు ఆడిస్తుంది. ఆ తర్వాత రెక్కలు చాపి జారుకుంటూ ఎంతో దూరం వెళ్లిపోతుంది. ఇదీ అంతే. విమానం 10, 12 కి.మీ. ఎత్తులో, మంచి వేగంతో వెళ్తూ బాంబును వదులుతుంది. రెక్కలు విచ్చుకుంటాయి. ఇంజిన్ లేకపోయినా గాలిలో జారుకుంటూ 60 నుంచి 70 కి.మీ. దాకా వెళ్తుంది. అదే మామూలు బాంబు అయితే అంత ఎత్తు నుంచి వేసినా పది కి.మీ. అటూఇటుగా పడిపోతుంది.

ఇక్కడే లెక్క మారింది. ఫ్రంట్‌లైన్‌లో ఉక్రెయిన్ పెట్టుకున్న మిసైళ్లలో చాలా వాటి రేంజ్ ఇంతకంటే తక్కువ. అంటే రష్యా విమానం తన భూభాగం మీదే ఉండి, ఉక్రెయిన్ సైనికుల మీద అర టన్ను బాంబు వేయగలదు. కూలిపోతానన్న భయం చాలావరకు పోయింది. ఖర్చు కూడా ఒక క్రూయిజ్ మిసైల్‌తో పోలిస్తే చాలా తక్కువ.

మొదట్లో ఈ కిట్లలో లోపాలు లేకపోలేదు. 2023 ఏప్రిల్ 20న ఒక రష్యా సుఖోయ్-34 నుంచి పొరపాటున జారిన బాంబు, సొంత నగరం బెల్గొరోద్‌లోనే పడింది. రోడ్డు మధ్యలో 20 మీటర్ల వెడల్పున గొయ్యి పడింది. కానీ రష్యా ఆగలేదు. కిట్‌ను మారుస్తూ, మెరుగుపరుస్తూ పోయింది. 500 కేజీల బాంబు తర్వాత 1,500 కేజీల బాంబుకు రెక్కలు వచ్చాయి. 2024 వేసవికల్లా ఏకంగా 3,000 కేజీల ఫాబ్-3000కు కూడా తగిలించారు.

బాంబు ఎలా వేస్తారు? స్టెప్ బై స్టెప్

ఈ పనికి ఎక్కువగా వాడేది సుఖోయ్-34. పైలట్, నావిగేటర్ పక్కపక్కన కూర్చునే బాంబర్ ఇది. టార్గెట్ కోఆర్డినేట్లు ముందే బాంబుకు ఇచ్చి ఉంచుతారు. ఆ వివరాలు ఎక్కువగా ఫ్రంట్‌లైన్ మీద తిరిగే నిఘా డ్రోన్ల నుంచి వస్తాయి.

విమానం రష్యా వైపే పైకి ఎక్కుతుంది. ఫ్రంట్‌లైన్ వైపు నేరుగా వేగం పెంచుతుంది. బాంబు వదిలిన మరుక్షణం పక్కకు తిరిగి వెనక్కి వెళ్లిపోతుంది.

ఈలోగా దీనికి కాపలాగా సుఖోయ్-35, మిగ్-31 యుద్ధ విమానాలు తిరుగుతూ ఉంటాయి. వాటి దగ్గర ఆర్-37ఎం అనే మిసైల్ ఉంది. దాని రేంజ్ 200 కి.మీ. పైనే. బాంబర్‌ను అడ్డుకుందామని ఉక్రెయిన్ విమానం పైకి లేస్తే, అది తన రేంజ్‌లోకి రాకముందే ఈ మిసైల్ దాని మీదికి వస్తుంది.

పైగా ఉక్రెయిన్ మిగ్-29, సుఖోయ్-27లలో ఉన్నవి ఎక్కువగా పాత ఆర్-27 మిసైళ్లు. వాటిలో రాడార్ గైడెన్స్ రకానికి ఒక పెద్ద ఇబ్బంది ఉంది. మిసైల్ తగిలేదాకా పైలట్ తన రాడార్‌ను శత్రు విమానం మీదే నిలిపి ఉంచాలి. పక్కకు తిరిగితే మిసైల్ దారి తప్పుతుంది. రష్యా కొత్త మిసైళ్లకు ఆ బాధ లేదు. చివర్లో వాటి సొంత రాడార్ పనిచేస్తుంది, కాబట్టి పైలట్ వదిలేసి తప్పుకోవచ్చు. ఇద్దరిలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్పక్కర్లేదు.

ఈ వ్యూహం ఫలితం అవ్‌దీవ్కాలో కనిపించింది. ఉక్రెయిన్ 2014 నుంచి కాంక్రీటుతో, కందకాలతో కోటలా మార్చుకున్న పట్టణం అది. రష్యా గ్లైడ్ బాంబులతో ఒక్కో బిల్డింగ్‌ను కూల్చుకుంటూ వచ్చింది. ఫిరంగి గుండును కందకం తట్టుకుంటుంది. అర టన్ను, టన్నున్నర బాంబు పక్కన పడితే కందకం కాదు, కాంక్రీట్ సెల్లార్ కూడా నిలవదు. 2024 ఫిబ్రవరి 17న ఉక్రెయిన్ సేన ఆ పట్టణం నుంచి వెనక్కి తగ్గింది.

ఉక్రెయిన్ ఏం చేసింది? మిగ్ కాక్‌పిట్‌లో ట్యాబ్లెట్!

ఉక్రెయిన్ దగ్గర ఉన్నవన్నీ సోవియట్ విమానాలు. సాయంగా వచ్చినవేమో అమెరికా, యూరప్ మిసైళ్లు. రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేవు. వైరింగ్ వేరు, కంప్యూటర్ వేరు, మిసైల్ తగిలించే హుక్కు కూడా వేరు.

అయినా 2022 ఆగస్టులో ప్రపంచం ఆశ్చర్యపోయే వార్త వచ్చింది. మిగ్-29 నుంచి అమెరికా హార్మ్ మిసైల్ పేలింది! హార్మ్ పని ఏంటంటే, శత్రువు రాడార్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకుని నేరుగా ఆ రాడార్ మీదికే వెళ్లడం. దెబ్బకు రష్యా రాడార్లు ఆన్ చేయాలంటే ఆలోచించాల్సి వచ్చింది. రాడార్ ఆఫ్‌లో ఉన్న ఆ కాసేపట్లోనే ఉక్రెయిన్ విమానాలు తమ పని చక్కబెట్టుకునేవి.

మరి మిగ్ కంప్యూటర్‌కు అర్థం కాని మిసైల్‌ను పైలట్ ఎలా వాడుతున్నాడు? కాక్‌పిట్‌లో ఒక ట్యాబ్లెట్ పెట్టుకుని! అమెరికా రక్షణ శాఖ ఉన్నతాధికారి విలియం లప్లాంట్ 2024లో ఈ విషయం బయటపెట్టారు. మన పాత అంబాసిడర్ కారులో డ్యాష్‌బోర్డుకు ఫోన్ తగిలించి మ్యాప్స్ చూసుకుంటూ వెళ్తాం కదా.. సరిగ్గా అలాంటిదే. కారు మారలేదు, కానీ దారి తెలుస్తోంది.

రెండో మార్పు సుఖోయ్-24. ఇది 1970ల్లో సేవలోకి వచ్చిన బాంబర్. దీనికి 2023 మేలో బ్రిటన్ ప్రకటించిన స్టార్మ్ షాడో క్రూయిజ్ మిసైల్‌ను, ఆ తర్వాత ఫ్రాన్స్ స్కాల్ప్ మిసైల్‌ను తగిలించారు. రేంజ్ 250 కి.మీ. పైనే. విమానం ఫ్రంట్‌లైన్‌కు చాలా వెనకే మిసైల్‌ను వదిలేస్తుంది. మిగతా దూరం మిసైలే నేలకు దగ్గరగా ఎగురుతూ వెళ్తుంది.

2023 సెప్టెంబరులో క్రిమియాలోని సెవస్తోపోల్‌ను వణికించింది ఈ జోడీయే. సెప్టెంబరు 13న షిప్‌యార్డ్‌లో మరమ్మతుకు ఉన్న 'రోస్తోవ్-నా-దోను' సబ్‌మెరైన్, 'మిన్స్క్' నౌక దెబ్బతిన్నాయి. సెప్టెంబరు 22న నల్ల సముద్ర నౌకాదళ హెడ్ క్వార్టర్సే టార్గెట్ అయింది. ఆ తర్వాత రష్యా తన ముఖ్యమైన నౌకల్లో చాలా వాటిని క్రిమియా నుంచి తూర్పున ఉన్న నొవొరొసీస్క్‌కు తరలించింది.

ఉక్రెయిన్‌కు కూడా రెక్కల బాంబులు వచ్చాయి. అమెరికా జేడామ్-ఈఆర్, ఫ్రాన్స్ హామర్. మంచి ఎత్తు నుంచి వదిలితే జేడామ్-ఈఆర్ 70 కి.మీ. దాకా వెళ్తుంది. కానీ ఉక్రెయిన్ పైలట్ అంత ఎత్తుకు వెళ్లలేడు, వెళ్తే ఎస్-400 పట్టేస్తుంది. అందుకే నేలకు ఆనుకున్నట్టు వచ్చి, చివర్లో ఒక్కసారిగా పైకి లేచి, బాంబు విసిరి, మళ్లీ కిందికి దూకి పారిపోతాడు. దీంతో బాంబు వెళ్లే దూరం బాగా తగ్గిపోతుంది. కాగితం విమానాన్ని మేడ మీద నుంచి విసరడానికీ, వాకిట్లో నిలబడి విసరడానికీ ఉన్న తేడానే ఇది. రెండు వైపులా ఉన్నది దాదాపు ఒకేలాంటి ఆయుధం. ఎవరు ఎంత ఎత్తులో ధైర్యంగా ఎగరగలరు అన్నదే దాని రేంజ్‌ను తేల్చేస్తోంది.

ఎఫ్-16 వచ్చింది.. మరి ఎందుకు మ్యాజిక్ జరగలేదు?

2024 ఆగస్టు 4న ఉక్రెయిన్ తన మొదటి ఎఫ్-16లను ప్రపంచానికి చూపించింది. అప్పటికి దాదాపు రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. ఇవి కొత్తవేం కాదు. నెదర్లాండ్స్, డెన్మార్క్, నార్వే, బెల్జియం 1975లో కలిసి ఆర్డర్ ఇచ్చిన తరం విమానాలివి. 1990ల్లో 'మిడ్ లైఫ్ అప్‌డేట్' పేరుతో వీటి కంప్యూటర్, రాడార్, కాక్‌పిట్ తెరలు మార్చారు. ఎయిర్‌ఫ్రేమ్ పాతదే, లోపలి సరుకు కొంత కొత్తది.

ఎఫ్-16తో వచ్చిన పెద్ద లాభం ఏంటంటే.. పశ్చిమ దేశాల మిసైళ్లకు ఇక ట్యాబ్లెట్ జుగాడ్ అవసరం లేదు. విమానం, మిసైల్ ఒకే భాష మాట్లాడతాయి. అయితే ఈ రాడార్ పాత తరానిదే. ఆర్-37ఎం ఉన్న రష్యా ఫైటర్లను ఎదురుగా వెళ్లి ఢీకొట్టే రేంజ్ దానికి లేదు. అందుకే ఉక్రెయిన్ వీటిని ఎక్కువగా వేరే పనికి వాడుతోంది. నగరాల మీదికి వచ్చే క్రూయిజ్ మిసైళ్లను, డ్రోన్లను వేటాడే పని. 2024 డిసెంబరులో ఒక ఎఫ్-16 పైలట్ ఒకే సార్టీలో ఆరు క్రూయిజ్ మిసైళ్లను కూల్చాడని ఉక్రెయిన్ వాయుసేన ప్రకటించింది.

ఇది కూడా ప్రాణాలతో చెలగాటమే. విమానాలు చూపించిన నెలలోపే, ఆగస్టు 26న భారీ మిసైల్ దాడిని అడ్డుకుంటూ మొదటి ఎఫ్-16 కూలిపోయింది. పైలట్ ఒలెక్సీ మెస్ చనిపోయారు. ఎఫ్-16ల కోసం విదేశాల్లో గట్టిగా గొంతు వినిపించిన వాళ్లలో ఆయన ఒకరు.

గ్లైడ్ బాంబును ఆపడం ఎందుకంత కష్టం?

బాంబు చిన్నది. ఇంజిన్ లేదు కాబట్టి వేడి పెద్దగా ఉండదు. కొద్ది నిమిషాల్లోనే వచ్చి పడుతుంది. ఒకవేళ కొట్టగలిగినా లెక్క కుదరదు. పేట్రియాట్ మిసైల్ ఒక్కొక్కటి సుమారు 40 లక్షల డాలర్లు. అంటే మన డబ్బులో 30 కోట్ల రూపాయల పైనే. అవతలి నుంచి నెలకు వేలల్లో వచ్చే బాంబుల మీద దాన్ని వాడితే.. బాంబుల కంటే ముందు మిసైళ్లే అయిపోతాయి.

అందుకే ఉక్రెయిన్ మూడు దారులు పట్టింది.

1. బాణాన్ని కాదు, విలుకాడిని కొట్టడం: దూరం వెళ్లే పేట్రియాట్ లాంటి వ్యవస్థను రహస్యంగా ఫ్రంట్‌లైన్ దగ్గరికి తెచ్చి కాపు కాయడం. 2023 మే 13న రష్యాలోని బ్ర్యాన్స్క్ ప్రాంతంలో ఒకే రోజు సుఖోయ్ విమానాలు, హెలికాప్టర్లు కూలిపోయింది ఇలాంటి దాడిలోనే. 2023 డిసెంబరు 22న దక్షిణాన మూడు సుఖోయ్-34లను కూల్చినట్లు ఉక్రెయిన్ ప్రకటించింది. ఇలా జరిగిన ప్రతిసారీ కొన్నాళ్లు ఆ వైపు బాంబులు తగ్గుతాయి. కానీ ఉన్న కొద్దిపాటి పేట్రియాట్లను ముందుకు తెస్తే వెనక నగరాలకు కాపలా ఉండదు. పైగా డ్రోన్ కంట పడితే ఆ వ్యవస్థే పోతుంది.

2. విమానం లేవకముందే కొట్టడం: 2024 ఆగస్టు 3న మొరొజోవ్స్క్, ఆగస్టు 9న లిపెత్స్క్ ఎయిర్‌ఫీల్డ్‌ల మీద ఉక్రెయిన్ డ్రోన్లు దాడి చేశాయి. గ్లైడ్ బాంబులు దాచిన గోదాములే తమ టార్గెట్ అని ఉక్రెయిన్ చెప్పింది. ఇక్కడ రాజకీయం కూడా అడ్డొచ్చింది. 2024 మే చివర్లో ఖార్కివ్ సరిహద్దు దగ్గర తమ ఆయుధాలు వాడేందుకు అమెరికా ఓకే చెప్పింది. కానీ లోపలికి ఉన్న ఎయిర్‌ఫీల్డ్‌లకు అప్పట్లో అనుమతి ఇవ్వలేదు. అందుకే సొంతంగా తయారుచేసిన డ్రోన్లే దిక్కయ్యాయి.

3. దారి తప్పించడం: బాంబు శాటిలైట్ సిగ్నల్‌ను నమ్ముకుని వస్తుంది. ఆ సిగ్నల్‌ను జామ్ చేస్తే గురి తప్పుతుంది. దీనికి జవాబుగా రష్యా 'కొమెటా' అనే జామింగ్‌ను తట్టుకునే యాంటెన్నాలు పెడుతోంది. వాటినీ జామ్ చేసే పరికరాలు ఉక్రెయిన్ తెస్తోంది. ఈ ఆట ఇంకా నడుస్తూనే ఉంది. అయితే ఒక మాట.. నగరం మధ్యలో గురి తప్పిన బాంబు ఎవరో ఒకరి ఇంటి మీదే పడుతుంది.

ఇక 2025లో రష్యా మరో అడుగు వేసింది. గ్లైడ్ బాంబుకు చిన్న జెట్ ఇంజిన్ కూడా పెట్టి 100 కి.మీ. దాటి పంపుతోందని ఉక్రెయిన్ అధికారులు చెబుతున్నారు. అంటే నిన్నటిదాకా 'ఇక్కడికి రాదులే' అనుకున్న ఊళ్లు కూడా ఇప్పుడు రేంజ్‌లోకి వచ్చేసినట్టే.

మనకేంటి సంబంధం? హైదరాబాద్ కనెక్షన్ ఇదీ

ఈ యుద్ధాన్ని ప్రపంచ సైన్యాలన్నీ గమనిస్తున్నాయి. మన దేశమూ గ్లైడ్ బాంబుల మీద పనిచేస్తోంది. 'గౌరవ్' అనే 1,000 కేజీల తరగతి లాంగ్ రేంజ్ గ్లైడ్ బాంబును అభివృద్ధి చేసిన డీఆర్‌డీవో ల్యాబ్‌లలో మన హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ముఖ్యమైనది. 2025 ఏప్రిల్ 8 నుంచి 10 వరకు సుఖోయ్-30 ఎంకేఐ నుంచి దీన్ని వదిలి పరీక్షించారు. దాదాపు 100 కి.మీ. దూరంలోని టార్గెట్‌ను గురి తప్పకుండా కొట్టిందని రక్షణ శాఖ ప్రకటించింది. రన్‌వేల మీద వాడే 125 కేజీల తరగతి 'సా' బాంబు కూడా ఇదే ల్యాబ్ నుంచి వచ్చింది. విమానం పాతదే అయినా, దాని కింద ఏం తగిలిస్తున్నాం అన్నదే ఇప్పుడు అసలు పాయింట్ అని ఇక్కడా అర్థమైందన్నమాట.

మళ్లీ ఖార్కివ్‌కు వద్దాం

ఈ టెక్నాలజీ కథంతా పైలట్ ప్రాణం కాపాడుకోవడం గురించే. విమానం దూరంగా ఉంటే పైలట్ సేఫ్. కానీ ఆ రిస్క్ ఎక్కడికీ పోలేదు. కింద ఉన్న జనం నెత్తిమీదికి వచ్చింది. యుద్ధానికి ముందు 14 లక్షల మంది ఉన్న ఖార్కివ్.. రష్యా సరిహద్దుకు 30 కి.మీ. దూరంలోనే ఉంది. సైరన్ మోగిన తర్వాత పరిగెత్తడానికి టైమ్ చాలా తక్కువ. ఒక్కోసారి సైరన్ కంటే ముందే బాంబు పడుతుంది.

అందుకే అక్కడ పిల్లల చదువు నేల కిందికి వెళ్లింది. 2023 సెప్టెంబరు నుంచి మెట్రో స్టేషన్లలో క్లాసులు పెట్టారు. 2024 మేలో పూర్తిగా భూమి లోపల కట్టిన స్కూల్ ఒకటి మొదలైంది. అదే నెలలోనే ఎపిసెంటర్ స్టోర్ మీద బాంబులు పడ్డాయి. పైలట్లు ఒకరికొకరు దూరం జరుగుతున్న ఈ యుద్ధంలో, ఆ పిల్లలు మాత్రం బాంబుల రేంజ్‌లోనే ఉండిపోయారు.